అరచేతిలో నిద్రపోయిన గినీ పిల్ల ఎందుకు పారిపోయింది?

మూడో వారంలో అరచేతిలో ఒదిగి కునుకు తీసిన పిల్లే ఎనిమిదో వారంలో ఆ చెయ్యి కనబడగానే గొంతు చించుకుని అరుస్తుంది, ఎగిరి గూటి పైకప్పుకు కొట్టుకుంటుంది. గినీ కోళ్లను పెంచినవారిలో చాలామందికి ఇది తెలిసిన దృశ్యమే. తమ పెంపకంలో ఎక్కడో పొరపాటు జరిగిందని కొందరు బాధపడతారు. ఈ జాతికి విశ్వాసం లేదని మరికొందరు తేల్చేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే.

చిక్కంతా ‘మచ్చిక’ అనే మాటలో ఉంది. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులను మూటగట్టేస్తున్నాం. పుట్టిన గంటల్లో పడే తొలిముద్ర, అంటే ముందు కనిపించినదాన్నే తల్లి అనుకోవడం, ఒకటి. మనిషంటే బెదురు తగ్గడం మరొకటి. మన పిలుపుకు, మేతకు ముడిపడటం మూడోది. పొద్దు వాలాక ఏ గూటికి చేరాలో తెలియడం నాలుగోది. వీటిలో దేని కాలం దానిదే, దేని కారణం దానిదే. మొదటిది చేజారినా మిగతా మూడూ సాధించవచ్చు. మొదటిది మరీ బాగా కుదిరితే పక్షికే చెరుపు జరగవచ్చు కూడా. ఈ ముడి విప్పకుండా మచ్చికకు దిగినవారికి కష్టం ఎక్కువ, ఫలితం తక్కువ.

ముందు పక్షిని గురించి రెండు మాటలు. మన పెంపుడు గినీ కోడి ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన, గడ్డి మైదానాల్లో తిరిగే అడవి పక్షి సంతతి. శాస్త్రీయ నామం న్యూమిడా మెలియాగ్రిస్. మెలియేజర్ అనే వీరుడు చనిపోతే ఏడ్చి ఏడ్చి అతని అక్కచెల్లెళ్లు ఈ పక్షులయ్యారని, వారి కన్నీటి చుక్కలే ఈకల మీది తెల్ల మచ్చలని గ్రీకుల కథ. 1758లో లిన్నేయస్ మెలియాగ్రిస్ అనే పేరును టర్కీ కోడి ప్రజాతికి కూడా తగిలించడంతో ఆఫ్రికా పక్షి పేరు అమెరికా పక్షికి వెళ్లింది. ఆ రెండు కోళ్లనూ కలగలిపిన పాపం పండితులకూ ఉందన్నమాట.

మన విషయానికి కావలసినది ఆ మైదానం. అక్కడ దీన్ని తినని మాంసాహారి అంటూ లేదు. పైనుంచి గద్ద, గడ్డిలోంచి నక్క, చెట్టు మీద రాత్రిపూట గుడ్లగూబ. దీనికి కోరలు లేవు, దూరం ఎగిరే ఓపికా లేదు. ఉన్నవి మూడే ఆస్తులు: కన్ను, గొంతు, గుంపు. ఒకటి చూస్తుంది, అరుస్తుంది, అందరూ ఒక్కసారిగా కదులుతారు. తరతరాలుగా ఈ లెక్కతో బతికిన జీవికి, మెత్తగా దగ్గరికి వచ్చే పెద్ద జంతువు మీద అనుమానం ఉండటం తప్పు కాదు. మామూలు కోడిని మనిషి ఎంపిక చేసి చేసి ఎంతో మార్చాడు. గినీ కోడి మీద ఆ శ్రమ అంతగా పడలేదు. గూట్లో ఉన్నా దాని తలలో మైదానం అలాగే ఉంది.

మచ్చిక మాట ఎత్తే ముందు పిల్ల బతకాలి. వణుకుతున్న పిల్లకు ఏదీ నేర్పలేం.

గినీ గుడ్డు పొదగడానికి 26 నుంచి 28 రోజులు పడుతుంది, మామూలు కోడి గుడ్డుకైతే 21. పెంకు మందంగా, గట్టిగా ఉంటుంది. దాన్ని పగలగొట్టుకుని బయటికి వచ్చే పిల్ల బరువు సుమారు 25 గ్రాములు. గోధుమ రంగు చారలు, నారింజ రంగు ముక్కు, అదే రంగు కాళ్లు. అంత చిన్న ఒంట్లో వేడి నిలవదు. అందుకే మొదటి వారం బ్రూడర్లో, అంటే దీపం వేడితో పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో, పిల్లల వీపు ఎత్తులో, 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. థర్మామీటర్ కన్నా పిల్లలే నమ్మకమైన కొలమానం. దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. నోళ్లు తెరిచి గోడల దగ్గరికి జరిగితే వేడి ఎక్కువ. అక్కడొకటి ఇక్కడొకటి కాళ్లు చాపుకుని, చచ్చాయేమో అని గుండె ఝల్లుమనేలా పడుకుని ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టు.

బెదిరితే ఇవి మూలకు పరిగెత్తి కుప్పపడతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. అట్టముక్క వంచి మూలలు గుండ్రంగా చేస్తే ఆ చావులు తప్పుతాయి. అడుగున పరిచేదానికీ ఒక లెక్క ఉంది. నున్నటి న్యూస్ పేపర్ మీద నాలుగు రోజులు నడిచిన పిల్ల కాళ్లు రెండు పక్కలకూ విచ్చుకుపోతాయి, ఆ తర్వాత వాటిని దారికి తేవడం కష్టం. మొదటి రోజుల్లో గరుకు గుడ్డ, ఆ తర్వాత పొడి ఊక పరచాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేసి ముక్కు మునిగేంత నీళ్లే ఉంచాలి. లోతు ఉంటే అందులో పడి మునిగిపోతాయి, లేదా తడిసి చలికి పోతాయి. నిజానికి మొదటి రెండు వారాల్లో వీటికి తడిని మించిన శత్రువు లేదు. తల్లి పెట్ట మంచు పట్టిన గడ్డిలో పిల్లలను తిప్పుకొచ్చేసరికి సగమే మిగలడం ఈ జాతిలో మామూలు. రెండో వారానికే రెక్క ఈకలు వస్తాయి, డబ్బా అంచు ఎక్కేస్తాయి. పైన వల తప్పనిసరి.

దాణా దగ్గర చాలామంది పొరబడతారు. కోడిపిల్లల దాణాలో మాంసకృత్తులు సాధారణంగా 20 శాతం దగ్గర ఉంటాయి. గినీ పిల్లలకు మొదటి నాలుగు వారాలు 24 నుంచి 26 శాతం కావాలి. టర్కీ పిల్లల దాణా వీటికి దగ్గరగా సరిపోతుంది. ఒక హెచ్చరిక మాత్రం నొక్కి చెప్పాలి. రక్తపారుడు రోగాన్ని ఆపడానికి కొన్ని దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. మామూలు కోళ్లకు అది పనికొస్తుంది. గుర్రాలకు, గినీ కోళ్లకు ప్రాణాంతకం. సంచి మీద చిన్న అక్షరాల్లో ఉండే ఆ పేరును చదవకుండా గినీ పిల్లల ముందు దాణా పోయవద్దు.

ఇక మొదటి ముడి, తొలిముద్ర.

1873లో డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆంగ్లేయుడు చిత్రమైన ప్రయోగం చేశాడు. గుడ్డులోంచి వస్తున్న కోడిపిల్లలకు కళ్లు తెరవకముందే చిన్న ముసుగులు తొడిగాడు. ఒకటి రెండు రోజుల్లో ముసుగు తీస్తే పిల్ల ఎదురుగా కదిలేదాని వెంట నడిచింది, అది ఆయన కాలైనా సరే. దాదాపు నాలుగు రోజులు ముసుగులో ఉంచి తీస్తే మాత్రం ఆయన్ను చూసి హడలిపోయి పారిపోయింది. పిల్లలు మారలేదు, మనిషి మారలేదు, గడిచిన రోజులే తేడా. తర్వాత 1935లో జంతువుల ప్రవర్తనను చదివిన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ బాతుపిల్లలు, హంసజాతి పిల్లల మీద తన పరిశీలనలను ప్రకటించి ఈ విషయాన్ని లోకానికి బాగా పరిచయం చేశాడు. పుట్టగానే కళ్లు తెరిచి నడిచే పక్షుల్లో చాలావాటికి ఇలాంటి తలుపు ఒకటి ఉంటుంది. అది తెరిచి ఉండేది కొద్ది గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. పొడుగైన పరుగులో తల్లిని వదలకుండా ఉండాలంటే తల్లి ఎవరో ముందు తెలియాలి కదా. ఆ తర్వాత తలుపు మూసుకుని, అదే చోట భయం కాపలా కూర్చుంటుంది. తెలియనిదాని వెంట వెళ్లేవాడు మైదానంలో ఎంతోకాలం బతకడు.

ఇప్పుడు మన ఇంటికి వచ్చే పిల్లల సంగతి చూడండి. పొదిగిన చోటు నుంచి డబ్బాలో సర్ది, ప్రయాణం చేయించి, మన చేతికి వచ్చేసరికి రెండు మూడు రోజులవుతుంది. అప్పటికే తొలిముద్ర పడిపోయి ఉంటుంది, పక్కన ఉన్న పిల్లల మీద. ఇరవై పిల్లలు ఒకదానికొకటి తల్లీ బిడ్డా అయిపోయి ఉంటాయి. అరచేతిలో నిద్రపోయిన పిల్ల మనల్ని తల్లి అనుకుందని మురిసిపోతాం గానీ, దానికి అప్పుడు మన చెయ్యి 35 డిగ్రీలకు కాస్త దగ్గరలో ఉన్న ఒక మెత్తని చోటు. అంతే.

ఒంటరి పిల్లను మనమే పొదిగించి, మనమే పెంచితే ముద్ర మన మీదే పడుతుంది. అది భుజం ఎక్కుతుంది, వెంట తిరుగుతుంది, గది దాటితే ఆగకుండా ఏడుస్తుంది. చూడటానికి ముచ్చటే. కానీ పెద్దయ్యాక దాన్ని గుంపులో వదిలితే అది పరాయిది, గుంపు దాన్ని పొడిచి తరుముతుంది. పుంజైతే ఈడు వచ్చాక మనిషినే తన జాతిగా లెక్కవేసుకుని, మనిషి మీదే పోటీకి దిగవచ్చు. ఇది పక్షిని మచ్చిక చేయడం కాదు, దాని జాతి నుంచి దాన్ని వెలివేయడం అని నా అభిప్రాయం. గుడ్లలో ఒక్కటే పొదిగి మిగతావి పాడైపోతే తప్పదు, అప్పుడు కూడా వీలైనంత త్వరగా తోటి పిల్లలను, కనీసం ఒక కోడిపిల్లను జత చేయాలి.

కాబట్టి తొలిముద్రను వదిలేద్దాం. పని జరిగేది రెండో ముడి దగ్గర, బెదురు తగ్గించడం దగ్గర.

లోరెంజ్, టిన్‌బర్గెన్ అనే మరో శాస్త్రవేత్త కలిసి అట్టతో ఒక పక్షి నీడ చేసి పిల్లల మీదుగా నడిపారు. ఒక దిశలో నడిపితే పొట్టి మెడ, పొడుగు తోకతో గద్దలా కనిపిస్తుంది, రెండో దిశలో పొడుగు మెడ బాతులా. గద్ద ఆకారమంటే పుట్టుకతోనే భయమని చాలాకాలం అనుకున్నారు. 1961లో పరిశోధకుడు వోల్ఫ్‌గాంగ్ ష్లైట్ టర్కీ పిల్లలతో చేసిన పని ఆ నమ్మకాన్ని కదిలించింది. ఏ ఆకారం తరచుగా కనిపిస్తే దాన్ని పట్టించుకోవడం మానేశాయి, ఏది అరుదుగా వస్తే దానికే బెదిరాయి. ఆకాశంలో బాతులు రోజూ కనిపిస్తాయి, గద్ద ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది.

గినీ పిల్లల విషయంలో దీన్ని మించిన సూత్రం నాకు కనబడలేదు. ఆదివారం రెండు గంటలు ఒళ్లో పెట్టుకుని ముద్దు చేసేవాడు వాటికి గద్ద. రోజుకు పదిసార్లు వచ్చి, ఏమీ చేయకుండా రెండు నిమిషాలు పక్కన కూర్చుని పోయేవాడు బాతు. బ్రూడర్‌ను నేల మీద పెట్టి పైనుంచి చెయ్యి దించితే ఆ చెయ్యి రోజుకు పదిసార్లు దిగే గద్దే. బల్ల మీద పెట్టి, పక్క తలుపులోంచి చెయ్యి లోపలికి జరిపితే సగం పని అయినట్టే.

ఐదో రోజున ఇలా చేసి చూడండి. అరచేతిలో కొద్దిగా వరిగలు పోసుకుని, చేతి వెనుక భాగాన్ని ఊక మీద ఆనించి, కదల్చకుండా ఉంచండి. ముందు అన్నీ ఆ చివరి గోడకు చేరి ఒకే ముద్దగా నిలబడతాయి. కీచుమనడం ఆగిపోతుంది. అర నిమిషం అలాగే గడిచాక ఒకటి మెడ సాగదీస్తుంది. తల పక్కకు తిప్పి ఒక కంటితో చూస్తుంది, మళ్లీ రెండో కంటితో. రెండడుగులు ముందుకు వేసి వెనక్కి దూకుతుంది, దానితో పాటు గుంపంతా దూకుతుంది. మూడోసారి వచ్చినప్పుడు గింజ జోలికి పోదు, బొటనవేలి గోరును పొడుస్తుంది. మెరిసేది ఏదైనా వాటికి ముందు పరీక్షించవలసిన వస్తువే. గోరు ఏమీ అనకపోతే పక్కనున్న గింజ. ఒకటి తిన్న చప్పుడు వినగానే మిగతావి తోసుకుంటూ వస్తాయి. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు, ఆనందం పట్టలేక వేళ్లు ముడవడం. తినిపించే చెయ్యి పట్టుకోకూడదు. ఆ రెండు పనులూ ఒకే చెయ్యి చేస్తే పది రోజుల కష్టం ఒక్క క్షణంలో పోతుంది.

పట్టుకోక తప్పని రోజులు ఉంటాయి. అవి చీకటి పడ్డాక చేయాలి. రాత్రిపూట వీటికి చూపు అంతంతమాత్రం, వాలిన చోట కదలకుండా ఉంటాయి. రెండు చేతులతో రెక్కలు కలిపి ఒంటిని పట్టుకోవాలి. మామూలు కోడిని పట్టినట్టు కాళ్లు పట్టి వేలాడదీస్తే సన్నని కాళ్లు పుటుక్కున దెబ్బతింటాయి.

మూడో ముడి, పిలుపు. ఒకే మాట, ఒకే లయ, లేదా డబ్బాలో గింజలు గలగలలాడించే శబ్దం. శబ్దం ముందు, గింజ తర్వాత, ఈ వరస తప్పకూడదు. గింజలు చల్లి తర్వాత పిలిచేవాడు గాలికి పిలుస్తున్నట్టే. మంచి గింజలను ఆ పిలుపు కోసమే దాచిపెట్టాలి, రోజంతా దొరికే దాణా కోసం ఏ పక్షీ పరిగెత్తదు. ఆ శబ్దంతో పిలిచి పట్టుకోవడం, మందు వేయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు.

ఇంత చేసినా ఆరు, ఎనిమిది వారాల మధ్య పిల్ల మారుతుంది. మొదట్లో చెప్పిన దృశ్యం ఇక్కడిదే. చారలు రాలి చుక్కల ఈకలు వస్తుంటాయి. నడినెత్తిన కిరీటం మొలక కనబడుతుంది. గొంతు మారుతుంది. పెట్టకు రెండు ముక్కల కూత వస్తుంది, రెండో ముక్క పైకి లేస్తుంది. పుంజు ఆ రెండు ముక్కలూ పలకలేడు, ఒకే ముక్కను గబగబా కొడతాడు. బెదిరినప్పుడు పెట్ట కూడా ఒంటి ముక్కే అరుస్తుంది కాబట్టి రెండు ముక్కలు వినిపిస్తేనే ఖాయం. ఈ వయసులో పిల్లకు మన వేడి అక్కర్లేదు. ఎగరగలదు. మనతో దానికి ఉన్న బేరంలో సగం తీరిపోయింది. ఇప్పటినుంచి అది నేర్చుకునేది గుంపు రాజకీయం: ఎవరు ముందు తింటారు, ఎవరి అరుపు నమ్మాలి, ఎవరి పక్కన పడుకోవాలి.

ఆ రాజకీయం చిన్నదేమీ కాదు. వీటి బంధువులైన రాబందు తల గినీ కోళ్లను కెన్యాలో గమనించిన పరిశోధకులు 2019లో ఒక సంగతి బయటపెట్టారు. ఆ పక్షులు స్థిరమైన గుంపులుగా ఉండటమే కాదు, ఒక గుంపు కొన్ని గుంపులతోనే ఎంచుకుని కలుస్తుంది. ఏనుగుల్లాంటి జంతువుల్లో చెప్పుకునే బహుళ అంచెల సమాజం, చిన్న మెదడున్న పక్షిలో. అంత లోకం తలలో పెట్టుకున్న పక్షి మన ఒడి కోసం గుంపును వదిలి వస్తుందని ఆశించడం అత్యాశే. గుంపును ఒక్క ప్రాణిగా చూసి, ఆ ప్రాణిని మచ్చిక చేయడమే తెలివి. ఇద్దరు ధైర్యవంతులు చేతి దగ్గరికి వస్తే మిగతావి ఆరడుగుల దూరంలో నిలబడి గింజలు ఏరుకుంటాయి. నా లెక్కలో అది విజయమే.

నాలుగో ముడి గూడు. పెంపకం నిలిచేదీ కూలేదీ ఇక్కడే, కాబట్టి తొందరపడకూడదు. బ్రూడర్ నుంచి పెద్ద గూటికి మార్చాక కనీసం ఆరు వారాలు, వీలైతే ఇంకా ఎక్కువ, బయటికి వదలకుండా అందులోనే ఉంచాలి. వల తలుపులోంచి చుట్టుపక్కల పరిసరం రోజూ చూస్తుండాలి. తర్వాత కూడా ఒక్కసారిగా తలుపు తెరవకూడదు. మేత వేళకు ముందు, ఆకలిగా ఉన్నప్పుడు, ఒకటి రెండింటినే వదలాలి. లోపలున్నవి గోల పెడతాయి, బయటివి వాటిని విడిచి పోలేక వల చుట్టూ తిరుగుతాయి. ఇక్కడ గుంపు మీద ప్రేమే మనకు తాడు. మరునాడు ఇంకో రెండు. ఇలా వారం పది రోజుల్లో అన్నీ వెళ్లి రావడం నేర్చుకుంటాయి.

సాయంత్రం ఇంకొక చిక్కు ఉంది. చీకటి గూట్లోకి ఇవి అడుగు పెట్టవు, లోపల ఏముందో కనబడదు కాబట్టి. బయట ఇంకా మసక వెలుతురు ఉండగానే గూట్లో చిన్న దీపం వెలిగించి, ఎత్తుగా వాలే కర్రలు పెట్టి, పిలుపు పిలిచి గింజలు చల్లాలి. అన్నీ చేరాక తలుపు వేసి దీపం ఆర్పాలి. ఒక్క వారం బద్ధకిస్తే చెట్టు కొమ్మ అలవాటవుతుంది, చెట్టు రుచి మరిగిన గినీ కోడిని కిందికి దించడం ఎవరి తరమూ కాదు. ఆ కొమ్మల మీదికి గుడ్లగూబ వచ్చేది ఎలాగూ రాత్రే.

ఇంత శ్రమ పడలేనివారికి ఒక అడ్డదారి ఉంది, పొదిగే మామూలు కోడిపెట్ట. గినీ గుడ్లు దాని కింద పెడితే తొలిముద్ర దాని మీద పడుతుంది, దాని వెంట గూటికి వెళతాయి, దాని పిలుపు వింటాయి. పెట్ట మనకు మచ్చికైతే ఆ నెమ్మది కొంత పిల్లలకూ అబ్బుతుంది. కోడిగుడ్లు, గినీ గుడ్లు ఒకేరోజు కలిపి మాత్రం పెట్టకూడదు. 21వ రోజున తన పిల్లలతో అది లేచిపోతుంది, వారం తేడాతో గినీ గుడ్లు చల్లబడతాయి.

గుడ్ల కాలం వచ్చాక ఒక సాయంత్రం లెక్కలో ఒక పెట్ట తగ్గుతుంది. మచ్చిక తప్పిందని కంగారు పడనక్కర్లేదు. గుబురు గడ్డిలో ఎక్కడో గూడు చేసుకుని ఉంటుంది, మిగతా పెట్టలు కూడా తెచ్చి అందులోనే పెడతాయి, ఒక్కోసారి పాతిక ముప్పై గుడ్లు పోగవుతాయి. పగటిపూట పొద వైపు చూస్తూ ఒక పుంజు ఒంటరిగా, పనేమీ లేనట్టు నిలబడి ఉంటే గూడు అక్కడికి దగ్గర్లోనే. పెట్ట లేచి వెళ్లాక చేతితో తాకకుండా, చెంచాతో గుడ్లు తీసి, నాలుగైదు అక్కడే వదిలేయండి. ఖాళీ గూడు చూస్తే మరో చోటు వెతుక్కుంటుంది, ఈసారి మనకు దొరకని చోటు. పెట్ట అప్పటికే పొదుగు మీద కూర్చుని ఉంటే, గుడ్లగూబ కన్నా నక్క కన్నా ముందు మనం వెళ్లాలి, చీకటి పడ్డాక, రెండు చేతులతో.